తలుపు వెనకాల మనిషి

గంజి పెట్టిన నూలు వాసన తగిలితే ఇప్పటికీ నాకు అమ్మ గది తలుపు గుర్తొస్తుంది. నాన్న పోయాక అమ్మ ఇంట్లో మగ్గాలవాళ్లకి నూలు కండెలు చుట్టేది. మధ్యాహ్నం రాట్నం ఆపి, గది తలుపు మూసుకునేది.

"నువ్వే నాకు దిక్కు. జర చెప్పు, ఏం జెయ్యాలె?" అని లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించేది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత అమ్మే, "సరే" అనేది.

ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. ఆరడుగుల తెల్లబట్టల మనిషి, కాళ్లు నేలకానలేదు! అని వీధంతా చెప్పాను.

"మీ అమ్మ కాడికి ఎవడొస్తాండురా?" అని పక్కింటి అత్త నవ్వింది.

నేను చెప్పింది అబద్ధమండీ. కొంగు కప్పుకుని మోకాళ్లమీద అమ్మ ఒక్కతే ఉంది.

ఆ నవ్వు అమ్మ చెవిన పడింది.  మర్నాటి నుంచి తలుపు బార్లా తీసి, "ప్రభువా" అని వీధికి వినపడేలా ప్రార్థించేది. ప్రార్థనలో నా పేరు చెప్పాక మాత్రం చాలాసేపు ఆగి, వినేది.