పైన విమలక్క, కింద నేను

మొన్న మధ్యాహ్నం మా దుకాణం ముందు ఒక కారు ఆగింది. లోపలి ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు, ఎక్కడా తడబడకుండా, "మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అంది. ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు కడుపులో సన్నగా మండుతుంది. గిరాకీ మన గుమ్మంలోకే వచ్చింది కదా, మంటెందుకు అంటాడు మా ఆయన. ఆయనకేం తెలుసు? జనగామలో సకినాలు ఎక్కడ దొరుకుతాయని అడిగినవాళ్లను ఫోన్ ఒకప్పుడు నా దగ్గరికి తెచ్చేది కాదు. రోడ్డుకు అవతలి పక్కన ఉన్న విమలక్క దగ్గరికి తీసుకెళ్లేది.

విమలక్క తొర్రూరు షావుకార్ల ఇంటి ఆడపిల్ల, జనగామ కోడలు. చేతుల నిండా గాజులు, వీధి చివరిదాకా వినబడే గొంతు. ఆమె మంచిదని నేను చెప్పను. చెడ్డదని చెప్పడానికి ఆధారాలు దొరకలేదు, వెతకక కాదు. ఇద్దరం ఇంచుమించు ఒకేసారి పిండివంటల దుకాణాలు పెట్టాం. పెళ్లికూతురి వెంట పంపే సారెకు సకినాలు, అరిసెలు, గరిజెలు చేసి ఇవ్వడం మా పని. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద వేళ్లతో చుట్లు చుట్లుగా తిప్పడంలో నా చెయ్యి ఆమె చెయ్యి కంటే మేలని ఇప్పటికీ వాదిస్తాను. ఎవరు కాదంటారో రండి.

అవి ఉద్యమం రోజులు. బండి నంబర్ల మీద అక్షరాలు మార్చేవాళ్లం, బోర్డుల మీద రాష్ట్రం పేరు చెరిపేసేవాళ్లం. నేను ఇంకో అడుగు ముందుకేసి దుకాణానికే 'జై తెలంగాణ పిండివంటలు' అని పేరు పెట్టాను. నెట్ సెంటర్‌కు వెళ్లి మ్యాప్‌లోనూ అదే పేరు ఎక్కించాను. డిగ్రీ చదివినదాన్ని, ఆ మాత్రం నాకు రాదా? కొన్నాళ్లకు ఫోన్లు మొదలయ్యాయి.

"అక్కా, రేపు రాస్తారోకో ఏడ?"

"ఇది సకినాల దుకాణం నాయినా."

"మరి జై తెలంగాణ అని ఉన్నది?"

సకినాలు కావాల్సినవాళ్లెవరూ ఆ పేరు వెతకరు. ఆ పేరు వెతికేవాళ్లకు సకినాలు అక్కర్లేదు. విమలక్క మాత్రం 'విమల సకినాలు, జనగామ బస్టాండ్ దగ్గర' అని పెట్టుకుంది. అందులో తెలివేముంది, పసిపిల్లలైనా పెడతారు అనుకున్నాను. హైదరాబాద్ నుంచి పెళ్లి పనుల మీద వచ్చే కార్లన్నీ ఆమె ముందే ఆగేవి. దుకాణం గది మా మామది. ఆయన ఒకరోజు గడప మీద కూర్చొని, "దసరా దాకా చూస్త బిడ్డా. గిరాకి లేకుంటే ఫోన్ల దుకాణపోనికి కిరాయికి ఇస్త" అన్నాడు.

అప్పుడే హైవే మీద వంటావార్పు జరిగింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండి, ఆగిపోయిన బస్సుల వాళ్లకు కూడా వడ్డించాం. నేను తారు మీద తెల్ల బట్ట పరిచి పొద్దంతా సకినాలు చుట్టాను. విమలక్క నూనె మూకుడు దగ్గర నిలబడి మధ్యమధ్య ఫోన్‌తో ఫోటోలు తీసింది. కొద్దిరోజులకు మ్యాప్‌లో ఆమె దుకాణం పేరు కింద ఆ ఫోటో కనబడింది: తెల్ల బట్ట, వెనక ఆగిన బస్సులు, వరసగా సకినాలు. అన్నీ నా చేతివి! దాన్ని చూసి ఎక్కడెక్కడివాళ్లో ఆమెకు ఫోన్లు చేశారు.

రోడ్డు దాటి వెళ్లాను.

"సిగ్గులేదా అక్కా? గవి నేను చేసినయి!"

"అవు, నువ్వే చేసినవ్. తీసేస్త, నీ దాంట్ల పెట్టుకో." మూకుడులోంచి చూపు తిప్పలేదు. "పెట్టినా ఎవలు జూస్తరు? నిన్ను వెతికినోడు ధర్నాల వడ్తడు."

"పేరు మార్చమంటవా? ఉద్యమం ఇడిశిపెట్టమంటవా?"

"నేను రోడ్డు మీద కూసోలేదానె? తెలంగాణ నీ ఒక్కదాని బోర్డు మీద ఆగిందా? ఆకలైనోడు ఏమని అడుగుతడో గది రాయి. జెండా దుకాణం లోపల కట్టుకో, ఎవలద్దన్నరు?"

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆమె మాటకు కాదు, అది నాకు ముందే తట్టనందుకు. మర్నాడు పెయింటర్‌ను పిలిచి 'ఉమ సకినాలు, జనగామ' అని రాయించాను. నెట్ సెంటర్‌లో మ్యాప్‌లో పేరు మారుస్తుంటే విమలక్క పిలవకుండానే వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. "దుకాణం ముంగట ఏమున్నదో కనబడేటట్టు ఫోటో పెట్టు. బంద్ ఉన్ననాడు మూసినమని రాయి, దూరంకెల్లి వచ్చినోడు తాళం జూస్తె తిడ్తడు. తిట్టినోనికి గూడ జవాబియ్యి. కొట్లాడకు."

చివరి మాట నాకు చేదుమందు. అయినా కొట్లాడకుండా జవాబులు రాశాను. సకినాలు గట్టిగా ఉన్నాయన్న ఒకాయనకు, మీ పళ్లు చూపించుకోండి అని రాయబోయి, ఈసారి వచ్చినప్పుడు వేడివేడిగా రుచి చూడండి అని రాశాను. ఆయన మళ్లీ వచ్చాడు, వాళ్ల చెల్లెలి పెళ్లి సారె పని కూడా నాకే అప్పజెప్పాడు. దసరా నాడు మామ కిరాయి మాటెత్తలేదు, అరిసెలు తింటూ కూర్చున్నాడు. అయితే ఫోన్‌లో వెతికితే మాత్రం పైన విమలక్క, కింద నేను. రాష్ట్రం వచ్చింది, ఆ వరస మారలేదు. ఆమె కొడుక్కి గనిలో ఉద్యోగమొచ్చి కుటుంబమంతా భూపాలపల్లి వెళ్లిపోయాకే నేను పైకొచ్చాను. పోటీదారు ఊరొదిలాక దొరికిన మొదటి స్థానం గెలుపెట్లా అవుతుంది?

మొన్న కారువాళ్లు వెళ్లిపోయాక ఫోన్ తీసి, భూపాలపల్లిలో సకినాలు అని వెతికాను. విమలక్కే పైన. మెచ్చుకోళ్లు నాకంటే ఎక్కువ. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"అక్కా, ఐతారం గూడ తెరిచి ఉన్నట్టు చూపెడ్తున్నది. నిజమేనా?"

"నిజమే. గిక్కడ సెలవు నాడే గిరాకి." ఆ పక్క నవ్వు. "ఏందే ఉమా, ఇంకా నా మీదనే ఉన్నదా నీ కన్ను?"

"మరి?" అన్నాను.

ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్లుగా ఆదివారం మా దుకాణానికి సెలవు. మ్యాప్ తెరిచి, ఆదివారం ఎదురుగా ఉన్న 'మూసి ఉంటుంది' అన్న మాట తీసేశాను.