రెండే నిమిషాలు

కివీల దేశంలో, హెండర్సన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో నాతోపాటు కేర్‌గివర్‌గా పనిచేసిన గుంటూరు అన్న ఉండేవాడు. అమెరికా ఎన్నడూ చూడకపోయినా, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అక్కడి ఫుట్‌బాల్ జట్టొకటంటే ప్రాణం. అదీ ఏటా ఓడిపోయే జట్టు! వాళ్ళ ఆదివారం మ్యాచ్ మాకు సోమవారం పొద్దున వచ్చేది. ఊళ్ళో క్రికెట్ చూసిన అలవాటునే ఇక్కడికీ తెచ్చుకున్నాడు. జట్టు గెలుస్తుంటే కూర్చున్న చోటు నుంచి ఎవరూ లేవకూడదు.

ఆ సోమవారం టీ బ్రేక్‌లో టీవీ చూస్తున్నాం. ఆయన జట్టు గెలిచేలా ఉంది. అంతలో ఏడో గది బెల్ మోగింది.

"కదలబాక చెల్లెమ్మా, రెండే నిమిషాలు. లేచావంటే మ్యాచ్ పోద్ది."

ఆ ఆటలో గడియారం మాటిమాటికీ ఆగుతుందని, రెండు నిమిషాలు పావుగంటవుతాయని ఇద్దరికీ తెలుసు. అయినా నవ్వుతూ కూర్చుండిపోయాను.

జట్టు గెలిచింది. మేం వెళ్ళేసరికి ఏడో గది పెద్దాయన బాత్రూమ్ గుమ్మంలో పడి ఉన్నాడు. తుంటి విరిగింది. రిపోర్టులో అన్న తన పేరొక్కటే రాశాడు. ఆయన ఉద్యోగం పోయింది.

మొన్న వాళ్ళింటికెళ్తే అదే జట్టు మ్యాచ్ నడుస్తోంది. సోఫా ఖాళీగా ఉంది, అన్న గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు.

"కూర్చోవచ్చుగా అన్నా?"

"కూర్చుంటే లేవనమ్మా. నా సంగతి నాకు తెలీదా?"

నేనూ కూర్చోలేదు.