ఒక్క గడి దీవి

నేను రిటైర్ కావడానికి ఏడాది ముందు, తొలకరి రోజుల్లో, మా కార్ఖానాకు యాభై రెండు చద్దర్ల ఆర్డరు వచ్చింది. అప్పుడు నేను సోలాపూర్ దాజీ పేట్‌లోని ఒక జకార్డ్ కార్ఖానాలో డిజైన్ మాస్తర్‌ను. హోదా ప్రకారం సేఠ్ తర్వాత మేనేజరు, మేనేజరు తర్వాత నేను. కానీ నా సంతకం లేని గ్రాఫు సాంచా ఎక్కేది కాదు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. అందుకని మేనేజరు కూడా నా గదిలోకి వచ్చేటప్పుడు కాస్త గొంతు తగ్గించుకునేవాడు.

యాభై రెండు చద్దర్లంటే మా దృష్టిలో అది ఆర్డరే కాదు. కొత్త డిజైనుకు, మా మాటలో నక్షాకు, గ్రాఫు గీసి, అట్టలు కొట్టి, సాంచాకు ఎక్కించేసరికే రెండు వారాలు పడుతుంది. ఆ శ్రమకు వేలల్లో నేయాలి. ఎందుకు ఒప్పుకున్నారని సేఠ్‌ను అడిగాను. "ఒక దేశం దేశమే మన చద్దర్ కప్పుకుంటది మాస్తర్. ఎవలకు దొరుకుతది గిట్ల?" అన్నాడు. మాట అబద్ధం కాదు. అక్కడున్నవి మొత్తం యాభై రెండు ఇళ్ళే.

దేశమనడం మాత్రం సేఠ్ మురిపెం. అది ఎక్కడో ఉన్న ఒక పెద్ద దేశపు ఏలుబడిలోని దీవి. కొనుగోలుదారు పేరు బయటపెట్టకపోవడం మా వృత్తిలో మర్యాద గనుక పేరు రాయను. మహాసముద్రం నట్టనడుమ ఉంటుంది. విమానం దిగే చోటు లేదు. మూడు నెలలకో ఓడ వస్తుంది, అదీ అలలు ఒప్పుకుంటేనే. సోలాపూర్ స్టేషన్ నుంచి అక్కల్‌కోట్ దారిలో పది పన్నెండు కిలోమీటర్లు వెళ్తే ఎంతో దాని పొడవు అంత. అందులో మూడు వంతులు కొండే. ఆ ఓడలో పనిచేసే మన సోలాపూర్ మనిషి ఒకాయన జ్వరం వచ్చి అక్కడ దిగిపోతే, ఓ ఇంటివాళ్ళు నెల రోజులు సాకారట. పోతూ పోతూ ఆయన తన చద్దర్ వాళ్ళకు ఇచ్చి పోయాడు. దాన్ని చూసి అందరూ ముచ్చటపడ్డారు. కొత్తగా కట్టుకున్న సభా భవనం తెరిచే రోజున, తమ దీవి పటం నేసిన చద్దర్ ఇంటికొకటి పంచాలని నిర్ణయించుకున్నారు.

ఈ సంగతులన్నీ దీవి కార్యదర్శి ఉత్తరాల్లో తెలిశాయి. ఆయన ఇంగ్లీషులో ఈమెయిల్ రాసేవాడు, మా మేనేజరు చదివి అర్థం చెప్పేవాడు. వాళ్ళ పరిపాలన చిత్రంగా ఉండేది. పై దేశం పంపిన అధికారి ఒకాయన ఉంటాడు. ఎన్నికైన ఏడుగురు సభ్యుల మండలి ఉంటుంది. కానీ అన్ని ఇళ్ళకూ సంబంధించిన పని ఏదైనా మండలితో తెమలదు. గంట కొట్టి అందరినీ కూర్చోబెడతారు. ఒక్క ఇల్లు కాదన్నా ఆ పని ఆగిపోతుంది. పొలాలు ఇంటింటికీ సమానం, గొర్రెల సంఖ్య కూడా ఇంటింటికీ సమానం. పోలీసు ఒక్కడే. జైలు గది ఉంది గానీ అందులో ఆలుగడ్డల సంచులు పెట్టుకుంటారట. మా పేట్‌లో కులపంచాయతీ తీరు ఎరిగినవాణ్ణి గనుక, ఒక్కరు అడ్డం తిరిగితే ఏమవుతుందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక నా పని. గ్రాఫు కాగితంలో ఒక గడి అంటే ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటు. గడి నింపితే అక్కడ రంగు పైకి వస్తుంది, వదిలేస్తే కిందికి పోతుంది. గడుల వరుసకు ఒక అట్ట. నింపిన గడి ఉన్నచోట అట్టకు చిల్లు. ఆ చిల్లులను చదువుకుంటూ సాంచా నేస్తుంది. మా చద్దర్ రెండు పొరల నేత, రెండు వైపులా ముఖమే. ముందు నీలంగా ఉన్నది వెనక తెల్లగా ఉంటుంది. ఈ నక్షాలో ముందు వైపు దీవి నీలం, సముద్రం తెలుపు.

గ్రాఫు గీశాక చివరి పని సాపు చేయడం. ఎక్కడైనా ఒంటి గడి నిండి ఉంటే దాన్ని చెరిపేయాలి. లావు నూలులో ఒంటి గడి నిలవదు, చుట్టూ ఉన్న పోగులు దాన్ని మింగేస్తాయి. మింగకపోతే పోగు పైకి లేచి గోటికి తగులుకుంటుంది. నా గురువు నాకు మొట్టమొదట నేర్పిన సూత్రం ఇదే. దీవి పటం గీసినప్పుడు తూర్పు వైపు సముద్రంలో ఒక ఒంటి గడి పడింది. నేను రబ్బరు తీసుకుని చెరిపేశాను. అది ఏమిటని ఆలోచించను కూడా లేదు.

మాదిరి చద్దర్ నేసినవాడు అంబాదాస్. ముప్పై ఏళ్ళుగా నా గ్రాఫులు నేసినవాడు. నేత చక్కగా కుదిరింది. ఫోటోలు పంపాం. వారం తర్వాత జవాబు వచ్చింది. సభలో అందరూ చప్పట్లు కొట్టారట. చిన్న సందేహం మాత్రం ఉందని కార్యదర్శి చాలా మర్యాదగా రాశాడు. వెనక వరుసలోంచి మార్తా అనే ముసలామె లేచి, "నా ఇల్లేది?" అని అడిగిందట.

నాకు కోపం వచ్చింది. ముప్పై నాలుగేళ్ళలో నా నక్షా ఒక్కటి తిరిగి రాలేదు. ఒంటి గడి నేతలో నిలవదనీ, ఇది సాంకేతిక నియమమనీ బిర్రుగా జవాబు రాయించాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గనిపిస్తుంది.

దానికి ఆయన నొచ్చుకోకుండా పెద్ద ఉత్తరం రాశాడు. తూర్పున సముద్రంలో ఒక రాతి దిబ్బ ఉంది. దాని మీద ఒకే ఇల్లు, కాసిన్ని గొర్రెలు. మార్తా నలభై ఏళ్ళ కిందట పెళ్ళయి అక్కడికి వెళ్ళింది. భర్త పోయినా అక్కడే ఉంది. పడవ తానే నడుపుకుని ఊళ్ళోకి వచ్చి పోయేది. ఇప్పుడు చేతుల్లో సత్తువ లేదు, ఎవరో ఒకరు వెళ్ళి తీసుకురావాలి. చలికాలం రాకముందే ఆమెను ఊళ్ళోకి తీసుకురావాలని సభ తీర్మానించింది, ఆమె కూడా సరేనంది. ఇక ఆ దిబ్బ మీద మనుషులెవరూ ఉండరు. పటంలో కూడా లేకపోతే తాను అక్కడ బతికినట్టే ఉండదని ఆమె అంటోంది. ఆమె ఒప్పుకునేదాకా సభ ముందుకు పోవడానికి లేదు. రాబోయే ఓడ తప్పితే తర్వాతి ఓడ చలికాలం దాటాకే.

మేనేజరు చదవడం ఆపాడు. ఒక మనిషి నలభై ఏళ్ళ కాపురాన్ని రబ్బరుతో తుడిచేశానని నాకు అప్పుడు తెలిసింది. చాలా బాధపడ్డాను.

ముందు ఒంటి గడిని అలాగే నింపి అట్ట కొట్టించాను. నేసి తెచ్చి అంబాదాస్, "కనపడ్తలేదు మాస్తర్. నేసినోనికే కనపడ్తలేదు" అన్నాడు. సూత్రం సూత్రమే. ఆ తర్వాత గడిని పెంచాను. అడ్డం మూడు, నిలువు మూడు. ముద్దుగా వచ్చింది. ఫోటో పంపాం. సభ మళ్ళీ కూర్చుంది. మార్తా అద్దాలు పెట్టుకుని చూసి తల అడ్డంగా ఊపిందట. తన దిబ్బ అంత పెద్దది కాదనీ, పక్కవాళ్ళ ఆలుగడ్డల పొలం కలుపుకున్నట్టు ఉందనీ, ఎన్నడూ ఎవరి జానెడు నేలా తీసుకోని తనకు చివరి రోజుల్లో ఈ చెడ్డపేరు ఎందుకనీ అన్నదట. పొలాలు సమానంగా పంచుకున్న ఊళ్ళో ఆ మాట ఎవరూ కాదనలేకపోయారు. పెద్దది వద్దు, లేకుండా వద్దు. ఉన్నంతే కావాలి.

అంబాదాస్ ఇల్లు నీలం నగర్‌లో. ఆదివారం పూట మాదిరి చద్దర్ పట్టుకుని వెళ్ళాను. అతని భార్య రాజమణి ముంగిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మేమిద్దరం చద్దర్ నేల మీద పరిచి తలలు పట్టుకుని కూర్చున్నాం. ఆమె చేతులు ఆపకుండానే, "ఏందన్నా, గింత చుక్కకు గంత లొల్లి?" అంది. చెప్పాను. అంతా విని, "గామెకు ఎవలున్నరు మరి?" అని అడిగింది. ఎవరూ లేరు, గొర్రెలున్నాయి అన్నాను.

"ఊర్లకు వస్తే గొర్లేడ పోవాలె? గది అడిగిండ్రా మీరు?"

నేను అడగలేదు. నాకు తట్టనే లేదు.

రాజమణి చాట పక్కన పెట్టి చద్దర్ దగ్గరికి జరిగింది. సూదిలో నీలం పోగు ఎక్కించి, రెండు పొరలూ దాటించి, ముందొక ముడి, వెనకొక ముడి వేసి పళ్ళతో తెంపింది. బీడీ మూతికి దారం చుట్టి బిగించే వేళ్ళు అవి. ఆవగింజంత చుక్క. గోటితో గీకి చూశాను, తగులుకోలేదు, కదలలేదు. "పొద్దుగాల నుంచి వెయ్యి బీడీలకు ముడి కడ్త. ఒక్కటి ఊడిందని ఎవలన్న వాపస్ తెచ్చిండ్రా?" అంది. అంబాదాస్ నా వైపు చూసి నవ్వాడు. మగ్గానికి అందని పని చేతికి అందుతుందని మా పెద్దలకు తెలియనిది కాదు. జకార్డ్ ముందు కూర్చుని కూర్చుని నేనే మరిచిపోయాను.

ఆ చుక్క ఫోటో సభ ముందుకు వెళ్ళింది. మార్తా చాలాసేపు చూసి, "ఇదే, ఇంతే" అన్నదని కార్యదర్శి రాశాడు. ఆర్డరు ఖాయమైంది. గొర్రెల సంగతి కూడా అడిగించాను. ఇంటికి ఇన్నే గొర్రెలనే కట్టుబాటు వాళ్ళు ఎన్నడూ సడలించలేదట. మార్తా గొర్రెలకు మాత్రం, అవి బతికి ఉన్నంతకాలం, లెక్కలోకి రాకుండా ఊరి బీట్లో మేత ఇస్తున్నామని రాశాడు. ఆ మాట చెబితే రాజమణి, "బరోబర్ చేసిండ్రు" అని తీర్పు ఇచ్చింది.

అంబాదాస్ ఆరు రోజుల్లో చద్దర్లన్నీ నేశాడు. రాజమణి, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు కలిసి వాళ్ళ ముంగిట్లోనే చుక్కలు పెట్టారు. నేను స్కేలు, చాక్‌పీసు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఒక చుక్క గుర్తుకు నూలుపోగంత ఎడంగా పడితే విప్పమన్నాను. రెండోసారీ అన్నాను. మూడోసారి రాజమణి సూది నా చేతిలో పెట్టి, "నువ్వే కుట్టు, అన్నా" అంది. కుట్టాను. అన్నింటికంటే వంకరగా వచ్చింది. ఆడవాళ్ళు పమిటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. దాన్ని విప్పడానికి రాజమణి ఒప్పుకోలేదు. ఆ దీవిలో ఎవరో ఒకరు నేను కుట్టిన చుక్క కప్పుకుని పడుకుంటున్నారు. తర్వాత స్కేలు జేబులో పెట్టుకుని చాయ్ తాగుతూ కూర్చున్నాను.

మూట ముంబై వెళ్ళింది, అక్కడి నుంచి ఓడకు అందింది. మార్తా ఊళ్ళోకి వచ్చిన తర్వాత భవనం తెరిచారు, చద్దర్లు పంచారు. మామూలుగా ఆర్డరు అంతటితో ముగుస్తుంది. ఫైలు కట్టి బీరువాలో పెట్టేశాను.

నేను రిటైరయిన కొన్నాళ్ళకు నా కుర్చీలోకి వచ్చిన డిజైనర్, సుజాత, కార్యదర్శి ఈమెయిల్ అచ్చు తీసి మా ఇంటికి తెచ్చింది. ఆ నీలం నూలు కొంచెం దొరుకుతుందా అని ఆయన అడిగాడు. చద్దర్ చెడిపోలేదట, రంగూ పోలేదట. మార్తా పడుకునే ముందు రోజూ ఆ చుక్కను వేలితో తడుముతుందట. తడిమి తడిమి ముడి అరిగిపోయిందట.

ఆ కాగితం పట్టుకుని నీలం నగర్ వెళ్ళాను. రాజమణికి చదివి వినిపించాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, లోపలి నుంచి మిగిలిన నూలు ఉండ తెచ్చి, మొత్తం ఇచ్చేసింది. కొంచెం చాలు కదా అన్నాను. "ఇంకా చానా దినాలు బతుకనీ" అంది.

సుజాత ఇప్పుడు కంప్యూటర్ మీద గీస్తుంది. సాపు చేయడానికి రబ్బరు అక్కర్లేదు, ఒక్క మీట నొక్కితే ఒంటి గడులన్నీ తామే పోతాయి. సూత్రం తప్పు కాదు, ఒంటి గడి నేతలో నిలవదు. నేను ఆమెకు చెప్పింది ఒక్కటే. మీట నొక్కే ముందు, అక్కడ ఎవరైనా ఉంటున్నారేమో అడుగు.