తొలిబిందె

పాకాల రైలు కూత గాలివాటుగా వినపడేంత దూరంలో, గుట్ట కింద ఉండేది మా అత్తగారి ఊరి శివాలయం. ఎవరు కట్టించారో మా మామగారి తాతకు కూడా తెలియదు. గుడి వెనక బండ సందులో పుట్టిన ఊట కాలవలోంచి వచ్చి, రాతి బసవన్న నోట్లోంచి ధారగా పడేది. తెల్లవారి ఆ ధార కింద పట్టిన తొలిబిందెతోనే స్వామికి అభిషేకం. ఆ బిందె మోసే హక్కు మా ఇంటి కోడళ్లది. కోడళ్లది అంటే పెద్దకోడలిది. నేనేమో చిన్నకోడలిని.

మా తోడికోడలు తడిచీరతో, నెత్తిన ఇత్తడిబిందెతో వీధి వెంట వస్తుంటే ముసలివాళ్లు కూడా అరుగుల మీద నుంచి లేచి నిలబడేవాళ్లు. ఆ వేళకు నేను పేడనీళ్లు కళ్లాపి చల్లుతూ ఉండేదాన్ని. ఆ నడక చూస్తే నా కడుపులో మిరపకాయలు నూరినట్టుండేది. ఒక్కనాడు, ఒక్కటంటే ఒక్కనాడు, ఆ బిందె నా నెత్తికి రాదా అని.

యుద్ధం నాళ్లలో ఒక ఎండాకాలం ధార సన్నబడి సన్నబడి, చివరికి బసవన్న నోరు ఎండిపోయింది. అంతకు కొన్నేళ్ల ముందే గోపురం మీద, ఏ పిట్ట వేసిందో, రావిమొక్క ఒకటి మొలిచింది. రావి దేవుడి చెట్టు కదా, ఎవరూ పీకలేదు. పీకకపోగా మా అత్త దానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టేది. అది పెరిగి గోడరాళ్లను విడదీసింది, వేళ్లు దించి ఊటకాలవను మూసేసింది.

"కోస్తే పాపం. కోయకుంటే స్వామికి నీళ్లుండవు. ఏది మేలో మీరే చూసుకోండి," అనేశాడు పూజారి.

చెట్టు జోలికి పోకుండా కాలవలో వేళ్లు మాత్రం కోద్దామనుకున్నారు గానీ, ఆ సందులో మగవాళ్ల భుజాలు పట్టలేదు. మా అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"మే చిన్నదానా, పుల్ల మాదిరి ఉండావు. నువ్వు దూరు."

"పాపం నాకు తగలదా అత్తా?"

"పాప లేనిదానికి పాపమేం తగుల్తాది, పో!"

అక్కడున్న ఆడవాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. "వేరు కోసేది నేనైతే తొలిబిందె కూడా నాకే కావల్ల," అన్నాను.

"దీని ఆశ సూడండమ్మా!" అంటూ అత్త బుగ్గలు నొక్కుకుంది.

"పోనీలే అత్తా, ఈ పొద్దుకు దాన్నే మోయనీ," అంది తోడికోడలు. గట్టిగా అడిగి తీసుకోవాలనుకున్నది ఆమె దానం చేసినట్టయింది. అదీ మంటే నాకు.

కొడవలితో పాక్కుంటూ దూరాను. వేళ్లు జడలాగా అల్లుకుపోయాయి. "స్వామీ, ఇది అత్త చెప్తే కోస్తా ఉండా, పాపముంటే ఆమె నెత్తినే వెయ్యి," అని మొక్కుకుని కోశాను. చివరి వేరు తెగగానే బురదనీళ్లు ఎగదన్ని ముఖాన కొట్టాయి. వెనక్కి దేక్కుంటూ బయటపడేసరికి కళ్ల నిండా ఒండ్రు. రెప్పలు తెరిస్తే మంట. చుట్టూ "వచ్చినాయి, వచ్చినాయి!" అని కేకలు.

"నీళ్లు తేటపడినాయా? నా బిందె యాడ?" అని చేతులు చాచాను.

చల్లటి నీళ్లు నా నెత్తిన కుమ్మరించినట్టు పడ్డాయి.

"అయ్యో, అది తొలిబిందె గదమే!" అత్త అరుపు.

"దానికి కండ్లు పోతాయి అత్తా," అంటోంది తోడికోడలు, కొంగుతో నా రెప్పలు తుడుస్తూ. "స్వామికి మళ్లీ పడ్తాను."

నేను కళ్లు తెరిచేసరికి బసవన్న నోటి కింద బిందె మళ్లీ నిండింది. బురదచీరతో గుళ్లోకి పోకూడదన్నాడు పూజారి. మడిచీరతో ఉన్నది ఆమే. ఎత్తుకుని నడిచింది. ఊరంతా ఆమె వెనకే. సొంత అక్కయినా అంత చేయదని చుట్టుపక్కల పల్లెల్లో కూడా ఆమెను పొగిడారు. రావిచెట్టును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఏటా వేళ్లు దిగేవి, ఏటా నేనే దూరేదాన్ని.

ఎప్పుడైనా మూతి ముడిస్తే అత్త అనేది, "తొలిబిందె నీ నెత్తిన్నే పోసినాది గదమే, ఇంగేం కావల్ల నీకు?"

పోసింది, కాదనను. నేనడిగింది పోయమని కాదు, మోయనిమ్మని.