పక్కచూపు

ధర్మవరంలో చీరలు నేసే మా పెద్దమ్మ, పక్కనుంచి ఎవరు పలకరించినా తల మొత్తం తిప్పి చూసేది. అది గర్వమనుకునేవాళ్లం. పక్కగా వస్తున్న ఆటో కనబడక ఒకరోజు పడిపోతే, హిందూపురంలో కంటి డాక్టరుకు చూపించాను.

“కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం ఎండిపోయింది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిందైనా నిలవాలంటే రోజూ చుక్కల మందు వేసుకోవాలి” అన్నాడాయన.

తిరుగు బస్సులో పెద్దమ్మ, “ముందు సీట్లో కూచోని ఇట్ల తిరుగు అబ్బీ. పక్కన కూచుంటే నువ్వు లేనట్టే ఉండాది” అంది. పెనుకొండ దాటేదాకా నా ముఖమే చూస్తూ కూర్చుంది.

మందు వేసినా, కొన్నేళ్లకు ఆ కాస్త చూపూ పోయింది. చివరిదాకా ఆమెకు నేను ఆ రోజు చూసిన కుర్రాడినే. నా తల నెరిసిందని నేనెప్పుడూ చెప్పలేదు.