అద్దాలు తుడవడం

అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో తెలుగువాళ్లకి ఇంటి లోను మీద సందేహం వస్తే సోమయాజులుగారి తలుపు తడతారు. ఆయన అమెరికా కేంద్ర బ్యాంకులో ఎకనామిస్టుగా చేసి రిటైరయ్యారు. అడిగిన వెంటనే జవాబు చెప్పరు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో ఒక అద్దం, తర్వాత రెండో అద్దం తీరిగ్గా తుడుస్తారు. వడ్డీరేట్ల కమిటీ సమావేశం దగ్గరపడితే బ్యాంకు ఉద్యోగులు రేట్ల గురించి బయట మాట్లాడకూడదు. రిటైరైనా ఆ రోజుల్లో ఈయన నోరు విప్పరు. కాఫీ ఇచ్చి పంపేస్తారు. టీవీలో కిరీటి కనిపిస్తే మాత్రం ఆ నిగ్రహం ఉండదు. కిరీటి ఆయన చేతికింద పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు ఆ కమిటీలో సభ్యుడు. "వీడి మొదటి రిపోర్టు మొత్తం నేనే తిరగరాశాను" అంటూ మొదలుపెట్టి, టై ముడి దాకా వంకలు పెడతారు.

మొన్న పక్కింటి జితేందర్ తక్కువ వడ్డీకి లోను మార్చుకునే రిఫైనాన్స్ గురించి అడగడానికి వచ్చేసరికి టీవీలో కిరీటే ఉన్నాడు. విలేఖరి ఏదో సూటిగా అడిగాడు. కిరీటి కళ్లజోడు తీసి, ఒక అద్దం, తర్వాత రెండో అద్దం తీరిగ్గా తుడిచి, అప్పుడు రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. "ఇబ్బందిపెట్టే ప్రశ్న వస్తే ముందు అద్దాలు తుడుచుకో, ఈలోగా జవాబు దానంతటదే చిన్నదవుతుంది" అని వాడికి నేర్పింది సోమయాజులుగారే. ఇప్పుడైనా ఒకరు గుర్తిస్తారని ఆయన సోఫాలో ముందుకి జరిగారు.

"అరే అంకుల్!" జితేందర్ నవ్వాడు. "సేమ్ స్టైల్! మీరు ఈయన్ని చూసే నేర్చుకున్నరా?"

సోమయాజులుగారి చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లింది. సగం తీసి, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నారు.