గేటు ముందు సిస్టరమ్మ

ఈ రోజు పెత్రమాస, పెద్దల అమావాస్య. పొద్దున చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి ఇంటికి వచ్చాను. పొద్దుగూకే లోపల ఒక పని చేయాలి. ఈ పక్షమంతా దాన్ని రేపు రేపంటూ తోశాను. పనులు అలా తోసే అలవాటు నాకు లేదు. కాబట్టి ఎందుకు తోశానో ముందు రాసి చూసుకుంటున్నాను. మా పక్కింటి సిస్టరమ్మ పోయింది. ఆమె గురించి చర్చిలో పాస్టరుగారు బాగానే మాట్లాడారు, ఆమె తమ్ముడూ మాట్లాడాడు. వాళ్ళిద్దరికీ తెలియని సంగతులు కొన్ని నా దగ్గర ఉన్నాయి.

కబురు వచ్చింది వినాయక పందిళ్ళు వేస్తున్న రోజుల్లో. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను గేటుకు గొళ్ళెం పెట్టి అంట్లు తోముకుంటాను. పని పూర్తయ్యేదాకా ఎవరొచ్చినా తీయను. బోధన్‌లో మా గల్లీ అందరికీ ఇది తెలుసు. ఆ వేళ గొళ్ళెం ఆడించే ధైర్యం ఒక్క మనిషికే ఉండేది. అందుకే ఆ రోజు చప్పుడు కాగానే లోపలి నుంచే కేకేశాను.

"ఆగు సిస్టరమ్మా, చేతులు కడుక్కొని వస్తున్న."

జవాబు లేదు. జవాబు చెప్పకుండా ఊరుకునే మనిషి కాదామె. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చూస్తే ఆమె తమ్ముడు.

"టీచరమ్మా, మా అక్క లేదు," అన్నాడు.

"యాడికి పోయింది?" అన్నాను. నిజంగానే అడిగాను.

తన ఇంట్లోనే కుర్చీలో కూర్చుని, బోర్లించిన బకెట్ మీద కాళ్ళు పెట్టుకుని, అలాగే పోయింది. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. ఫోను ఒళ్ళో ఉంది.

నిజామాబాద్ పెద్దాసుపత్రిలో నర్సుగా ఆమె ఉద్యోగమంతా నిలబడే గడిచింది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక మా పక్కిల్లు కొనుక్కుంది. పిక్కల్లో నరాలు తాళ్ళలా ఉబ్బి ఉండేవి. రోజూ మధ్యాహ్నం మా గేటు దగ్గరకు వచ్చి ఒకటే మాట: "గేటు తియ్యక్కా, కాళ్ళు గుంజుతున్నయ్."

"గుంజుతే మీ ఇంట్లనే కూసోరాదు?" అనేదాన్ని.

"ఆడ కూసుంటే నన్నెవరు తిట్టాలె?"

లోపలికి వచ్చి, అరుగు మీద కుర్చీ లాక్కుని, నా నీలం బకెట్ బోర్లించి కాళ్ళు పెట్టుకునేది. నీళ్ళ బకెట్ మీద కాళ్ళేమిటని మొదట్లో అన్నాను. తర్వాత ఆ బకెట్‌తో నీళ్ళు పట్టడం మానేశాను.

బజారుకు ఆమెతో వెళ్ళడం నాకు ఇష్టం. మహారాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి ఉల్లిగడ్డలు తెచ్చేవాళ్ళతో మరాఠీలో బేరమాడేది. ఎక్కడ నేర్చుకున్నావంటే వార్డులో అంది. "నొప్పి అందరికొక్కటే అక్కా. గని యాడ నొస్తుందో అడుగాలంటే వాళ్ళ మాట రావాలె గదా."

ఫోనులో ఆడే ఆట కూడా ఆమెకు వార్డులోనే అంటుకుంది. స్కూటర్ మీద నుంచి పడి రెండు చేతులకూ కట్లు వేయించుకున్న ఒక కాలేజీ పిల్ల ఆమెను బతిమాలిందట. "సిస్టర్, పండుగ ఇయ్యాల్నే ఆఖరు. గా మంచుపిల్లకు దీపం ఇయ్యకపోతే ఎల్లిపోతది. జర నొక్కరా?" సిస్టరమ్మ నొక్కింది. ఫోనులోని మంచుపిల్ల ఆమె వైపు తిరిగి రెండు చేతులూ జోడించిందట. "ఇన్నేండ్ల డూటీల నాకు గట్ల దండం పెట్టిన పేషెంటు లేడక్కా," అని నవ్వింది. సాయంత్రానికల్లా తన ఫోనులోనూ ఆ ఆట వేయించుకుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అది ఆన్‌లైన్‌లో ఆడేది. ఒక మాయలోయ, మాట్లాడే జంతువులు, ఎగిరే పడవలు ఉంటాయి. ఆడే ప్రతి మనిషికీ అందులో ఒక ఇల్లు, ఒక గేటు, మనలా తిరిగే ఒక బొమ్మ ఉంటాయి. ఋతువుకొక పండుగ వస్తుంది. పండుగతో పాటు ఎన్నడూ చూడని కొత్త పాత్ర ఒకటి లోయలోకి దిగుతుంది. ఆ కొద్ది రోజుల్లో దానితో స్నేహం చేసుకుంటే మన దగ్గర ఉండిపోతుంది. లేకపోతే పండుగతో పాటే వెళ్ళిపోతుంది.

మనవలకు రోజుకు అరగంట కంటే ఎక్కువ ఫోను ఇవ్వని ఇల్లు మాది. ఈ వయసులో ఇదేం పని అని సిస్టరమ్మను గట్టిగానే మందలించాను. ఆమె వాదించలేదు. నన్ను ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు తెలుసు. "సరే అక్కా, ఆడకు. గీ లాంతర్లకు మైనం సరిపోతదో లేదో జర లెక్క చూసి చెప్పు. ఊకె నొక్కి కరాబు చేస్తున్న." చూసి చెప్పాను. సరిపోయిందా అని మర్నాడు నేనే అడిగాను. అక్కడితో నా పని అయిపోయింది.

"అవ్వా, మాకు అరగంట. మరి నీకు?" అని మనవరాలు ఇప్పటికీ దెప్పుతుంది.

మా ఇద్దరికీ పని పంచుకున్నట్టే ఉండేది. పండుగలో ఇచ్చిన పనులన్నీ ఒక్కటి కూడా మిగలకుండా ముగించడం నాకు ముఖ్యం. ఆమెకు ఆ పట్టింపు లేదు, కొత్తగా వచ్చేవాళ్ళే కావాలి. వాళ్ళు ఎవరిలా ఉన్నారో చెప్పనిదే ఆమెకు తోచేది కాదు. వానల పండుగకు గొడుగులు బాగుచేసే కప్ప ఒకటి వచ్చింది. "సూడు సూడు, తహసీల్ ఆఫీసు ముందట దరఖాస్తులు రాసే పెద్దమనిషే! గా కండ్లద్దాలు సూడు, గా బొజ్జ సూడు." ఆ తర్వాత ఆ పెద్దమనిషి ఎదురైనప్పుడల్లా నేను తల దించుకుని నడవాల్సి వచ్చింది. మంచు పండుగకు గాలిని దారంతో కట్టేసే రాక్షసి వస్తే, "గీమె మా హెడ్ సిస్టరు. నడక జూస్తెనే తెలుస్తలేదా?" అంది. క్రిస్మస్ రోజు చర్చి నుంచి తెల్ల చీరలోనే నేరుగా మా అరుగు మీదకు వచ్చింది. ఇంత కేకు నా చేతిలో పెట్టి, ఆ రాక్షసిని మెప్పించే పనిలో పడింది.

ఆమె బొమ్మకు నెమలి రంగు శాలువా, చిలకపచ్చ బూట్లు, నక్క చెవులు. ఇదేం వేషమని అడిగితే, "ఉద్యోగమంత తెల్లచీరెనే గదా అక్కా, గీడన్న రంగులు ఏసుకోనీ," అంది. పోయినేడు ఇదే రోజు సాయంత్రం, బతుకమ్మ మొదలయ్యే వేళ, నేను గునుగు, తంగేడు పూలు పేరుస్తుంటే పక్కన కూర్చుని, ఫోనులో తన ఇంటి ముందు పూలకుండీల్ని వరుస మీద వరుసగా గుండ్రంగా పెట్టింది. "మీ బతుకమ్మకు నా తోడొకటి," అని చూపించింది. పైవరుస కొంచెం వంకరగా ఉందన్నాను. సరిచేయించాను కూడా.

నేను ఆగిపోయింది ఇక్కడే. పండుగ రోజుల్లో ఆట మన స్నేహితుల బొమ్మల్ని అతిథులుగా మన ఇంటికి పంపుతుంది. ఆ మనిషి ఆ రోజు ఫోను తెరిచినా తెరవకపోయినా బొమ్మ వస్తుంది. గేటు దగ్గర నిలబడి ఒక మాట అంటుంది. ఆ మాట ఎవరిది వాళ్ళు ముందే రాసిపెట్టుకోవాలి. సిస్టరమ్మ వానల పండుగప్పుడు మా అరుగు మీదే రాసింది.

"ఏం రాయాలె అక్కా?"

"పండుగ శుభాకాంక్షలు అని రాయి."

"గది అందరు రాస్తరు." తనలో తనే నవ్వుకుంటూ ఏదో కొట్టింది. కాసేపటికి నా ఫోనులో నక్క చెవుల బొమ్మ గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. తల మీద అక్షరాలు: "గేటు తియ్యక్కా, కాళ్ళు గుంజుతున్నయ్." బొమ్మను పంపిన మనిషి పక్కనే బకెట్ మీద కాళ్ళు ఊపుతూ పగలబడి నవ్వుతోంది. నాకూ నవ్వాగలేదు. వెంటనే గేటు తీశాను.

ఆమెను సమాధి చేసి వచ్చాక ఫోను ముట్టుకోలేదు. నిమజ్జనం అయిన మర్నాడు, ఇక ఆ ఆటను తీసేద్దామని తెరిచాను. దీపాల పండుగ అప్పుడే మొదలైంది. లోయంతా పసుపుపచ్చటి వెలుగు. నా గేటు ముందు సిస్టరమ్మ నిలబడి ఉంది. నెమలి రంగు శాలువా, చిలకపచ్చ బూట్లు, చేతిలో వెలుగుతున్న దీపం. తల మీద అవే అక్షరాలు.

ఫోను బోర్లా పెట్టేశాను. గోడ అవతల ఆమె ఇల్లు తాళం వేసి ఉంది. ఆ ఇంట్లోంచి పండుగ పాట సన్నగా వినిపించింది. లేచి గోడ దాకా వెళ్ళాను. అక్కడ ఏమీ లేదు. వెనక్కి వస్తే పాట నా కుర్చీలోంచే వస్తోంది, బోర్లించిన నా ఫోనులోంచి.

అప్పటి నుంచి రోజూ చూస్తున్నాను. ఆటలో ఎదురుచూసే బొమ్మలు కాలు మార్చి కాలు మీద బరువు వేస్తాయి. అన్ని బొమ్మలూ అంతే, అలాగే తయారు చేశారు. ఈ బొమ్మ కాలు మార్చినప్పుడు మాత్రం నేను చూడలేకపోతున్నాను. గేటు తీస్తే లోపలికి వస్తుంది, కాసేపు ఉంటుంది, చేతిలోని దీపం చూరుకు తగిలించి వెళ్ళిపోతుంది. తీయకపోతే పండుగ ముగిసేదాకా అక్కడే నిలబడి, దీపంతో సహా వెళ్ళిపోతుంది. ఒక ఋతువంతా ఆట తెరవని మనిషి బొమ్మను మళ్ళీ పంపరు. అంటే ఆమె నా గేటుకు రావడం ఇదే ఆఖరు. గేటు తీయనంతకాలం ఆమె ఉంటుందన్న ఒక్క ఆశతో ఈ పక్షమంతా ఆమెను నిలబెట్టాను.

నిన్న మనవరాలు నిజామాబాద్ నుంచి వచ్చింది. నా భుజం మీద నుంచి ఫోనులోకి చూసింది.

"అవ్వా, గది సిస్టరమ్మ కాదు. బొమ్మ."

"నాకు తెల్వదా?"

"తెలిస్తే గేటు తీయరాదు మరి?"

నేను ఫోను కొంగు కింద పెట్టుకున్నాను. దానికి జాలేసినట్టుంది, గొంతు తగ్గించింది. "రేపు సాయంత్రం ఆఖరవ్వా. తీయకపోతే దీపం గూడ పోతది."

ఈ పొద్దున బియ్యం ఇస్తున్నప్పుడు అత్తమామల పేర్లు, అమ్మానాన్నల పేర్లు, మా ఆయన పేరు వరసగా చెప్పాను. "ఇంకెవరన్న ఉన్నరా అమ్మా?" అని పంతులు అడిగారు. నోటి దాకా వచ్చింది. కానీ ఆమె మెథడిస్టు ఇంటి మనిషి, వాళ్ళకు ఈ ఆచారం లేదు. పోయినేడు ఇదే రోజు నేను బియ్యం కొలుస్తుంటే చూసి ఆమె అన్నది నాకు గుర్తుంది. "నా పేరు మీద గివన్ని పెట్టకు అక్కా. నేను ప్రభువు దగ్గర్నే ఉంట. గంతగా యాదికొస్తే ఒక కుర్చీ ఎయ్యి, సాలు." ఆ మాట మీరలేక ఆమె పేరు చెప్పలేదు. "ఎవ్వరు లేరు" అని కూడా అనలేకపోయాను. పంతులు బియ్యం అందుకున్నారు.

వాకిట్లో నీళ్ళు చల్లి తిరిగి వస్తూ అరుగు వైపు చూశాను. నీలం బకెట్ ఆమె పెట్టినట్టే బోర్లించి ఉంది. చెల్లాచెదురుగా ఏ వస్తువున్నా సహించని ఇల్లు ఇది. నెలరోజులుగా దాన్ని తిప్పి పెట్టడానికి నాకు చేతులు రాలేదు. ఆ మనిషి కాళ్ళ నొప్పి అంతగా తెలిసిన నేను, పోయాక కూడా ఆమెను గేటు ముందు నిలబెట్టాను. ఇది పద్ధతి కాదు. గల్లీలో ఆడపిల్లలు అప్పుడే గునుగు పూలు తెంపుకుని వస్తున్నారు. పొద్దు వాలుతోంది. ఇక చేయాల్సినవి ఇవి.

1. ఆటలో నా కొట్టు గదిలో పడి ఉన్న పీటను తీసి ముంగిట్లో వేయాలి. రంగు కలవదని ఇన్నాళ్ళూ దాన్ని బయట పెట్టలేదు. ఈ రోజు రంగు చూడకూడదు.

2. ఈ దీపాల పండుగకు ఒక పడవ నడిపే పిల్ల కొత్తగా వచ్చింది, భుజం మీద కొంగ. ఎవరిలా ఉందో నాకు తోచడం లేదు. అది చెప్పే మనిషి గేటు బయట ఉంది. ఆ పిల్లను కూడా పీట దగ్గరకు పిలిచి ఉంచాలి, చూస్తుంది.

3. బతుకమ్మ పేర్చేటప్పుడు పైవరుస వంకరగా వచ్చినా సరిచేయకూడదు.

4. చేతులు కడుక్కుని వస్తానని చెప్పకుండా, ఆగమని అనకుండా, గేటు తీయాలి.

5. ఆమె కూర్చున్నంతసేపు కూర్చోనివ్వాలి. దీపం చూరుకు తగిలించి వెళ్తుంటే వెనక్కి పిలవకూడదు.

6. ఆ తర్వాత ఫోను పక్కన పెట్టి, ఈ ఇంటి గేటు కూడా బార్లా తీసి ఉంచాలి. బతుకమ్మలు ఎత్తుకుని ఆడవాళ్ళు ఇటుగానే వెళ్తారు. ఎవరికైనా కాళ్ళు గుంజితే అరుగు మీద కుర్చీ ఉంది, దాని ముందు బోర్లించిన నీలం బకెట్ ఉంది.